హనుక్కాకు కె ఒకటా, రెండా?

పాఠకుల ప్రశ్నలు – టీచరమ్మ జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గొడవ. కొత్త క్యాలెండర్లు, ఫ్లెక్సీలు, గ్రీటింగులు అచ్చుకు పోయే రోజులు కదా, యూదుల పండగల పేర్లను ఇంగ్లీషులో ఎట్టా రాయాలన్న దగ్గర జనం ఆగిపోయారు. కావలి, ఒంగోలు, పొదిలి, కనిగిరి, నెల్లూరు... అందరిదీ ఇంచుమించు ఒకే మాట: "ఇందులో ఏది కరెక్టు?" నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనదాన్ని. బైబిల్లోని పేర్ల మీద పిచ్చితో హీబ్రూ అక్షరాలు పట్టుకున్నదాన్నే గాని పండితురాలిని కాదు. అయినా ఇది పండితులు తేల్చగలిగిన గొడవ కూడా కాదులెండి. 'ళ'కీ 'ల'కీ తేడా, అరసున్న అడిగినవాళ్ళు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: సిస్టర్ గారికి వందనాలు. మా సంఘం క్యాలెండర్‌లో డిసెంబరు పేజీ మీద యూదుల దీపాల పండుగ హనుక్కా కూడా వేద్దామనుకున్నాం. కమిటీ మూడు ముక్కలైంది. ఒకాయన హెచ్‌తో మొదలుపెట్టి నడుమ రెండు కె లు వేయాలంటారు. ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేసి వచ్చిన తమ్ముడొకడు "ఆడ ఎవరూ హ అనరు, గొంతులోంచి ఖ అంటారు, సీహెచ్ పెట్టాల్సిందే" అంటాడు. యూత్ లీడరేమో "ఎనిమిది రోజుల పండగ, హెచ్‌తో రాస్తే సరిగ్గా ఎనిమిది అక్షరాలు, అదే గుర్తు" అని కూర్చున్నాడు. ఏది వేయమంటారు? – ఒక పాస్టరు, కావలి

జవాబు: పాస్టరు గారూ, ముందు యూత్ లీడర్ లెక్క చూద్దాం, అది తేలిక. సీహెచ్‌తో మొదలుపెట్టి ఒక్క కె తో రాసి లెక్కపెట్టమనండి. సీ, హెచ్, ఏ, ఎన్, యు, కె, ఏ, హెచ్. అదీ ఎనిమిదే! పిల్లవాడు చిన్నబుచ్చుకోకుండా ఇంకో ఎనిమిది ఇస్తాను. 119వ కీర్తనలో ఎనిమిదేసి వచనాలకు ఒక్కో హీబ్రూ అక్షరం వంతు వస్తుంది కదా. ఆ వరసలో ఎనిమిదో అక్షరం హేత్. ఈ పండగ పేరు మొదలయ్యేది దానితోనే. మీ కమిటీ గొడవంతా కూడా దానితోనే.

హేత్‌కు సరిపడే అక్షరం ఇంగ్లీషులో లేదు. పాతకాలపు ఉచ్చారణ గొంతు అడుగునుంచి గట్టిగా వచ్చే హ. యెమెను నుంచి, ఇరాక్ నుంచి వచ్చిన యూదుల పెద్దతరం అట్టాగే పలుకుతుంది. ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఎక్కువమంది నోట మీ తమ్ముడు విన్నదే, గొంతు గీరుకుంటూ వచ్చే శబ్దం. అది మన ఖడ్గంలోని ఖ కూడా కాదు. నెల్లూరు కోటమిట్టలో ఉర్దూ బాగా వచ్చిన పెద్దాయన ఎవరిచేతనైనా 'ఖబర్' అనిపించుకుని వినండి, చాలా దగ్గరగా ఉంటుంది.

ఈ శబ్దాన్ని కాగితం మీద పెట్టడానికి ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. 1901–1906 మధ్య అమెరికాలో వచ్చిన యూదు విజ్ఞాన సర్వస్వం హెచ్ కింద ఒక చుక్క పెట్టింది. చుక్క ఉన్న టైపు పత్రికల ప్రెస్సుల్లో ఎక్కడిది? చుక్క రాలిపోయి ఉత్త హెచ్ మిగిలింది. జర్మన్ రాతలో సీహెచ్ జతకు దాదాపు ఈ గొంతు శబ్దమే ఉంది కాబట్టి, ఆ రాత అలవాటైన వాళ్ళకు సీహెచ్ సహజంగా తోచింది. కానీ ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాడు సీహెచ్ చూడగానే 'చ' అంటాడు. నమ్మకపోతే మన రాహేలమ్మను తలుచుకోండి. హీబ్రూలో ఆమె పేరు నడుమ ఉన్నదీ ఈ హేతే. మన తెలుగు బైబిల్ చక్కగా 'రాహేలు' అని హ ఉంచింది. ఇంగ్లీషువాళ్ళు సీహెచ్ పెట్టుకుని ఇప్పుడు 'రేచెల్' అంటున్నారు. ఇంకా తమాషా ఏమంటే, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో ఆదికాండంలో, మత్తయిలో ఆమె సీహెచ్‌తో ఉంటుంది, యిర్మీయా 31వ అధ్యాయం 15వ వచనంలో ఉత్త హెచ్‌తో ఉంటుంది. ఒకే బైబిలు, ఒకే తల్లి, తన పిల్లల కోసం ఏడ్చిన ఒకే ఏడుపు, స్పెల్లింగులు రెండు. నాలుగు వందల ఏళ్ళు దాటినా ఆ అట్టల మధ్యే తేలనిది మీ కమిటీ మీటింగులో తేలుతుందా?

ఇక కె సంగతి. ఇక్కడ మాత్రం నేను గట్టిగా మాట్లాడతాను. హీబ్రూలో ఆ క అక్షరం కడుపులో చుక్క ఉంటుంది, ఒత్తి పలకమని దాని అర్థం. అందుకని వ్యాకరణం ప్రకారం రెండు కె లే సరి. ఒక్క కె తో రాసేవాళ్ళు తప్పు చేస్తున్నారనను, ఇప్పటి ఇజ్రాయెల్ మాటల్లో ఆ ఒత్తు వినిపించదు. ఒప్పుకోనిది రెండు ఎన్ లు. కొందరు కె లు పొదుపు చేసి ఎన్ లు రెండు వేస్తారు. సమూయేలు తల్లి హన్నాకు రెండు ఎన్ లు న్యాయంగా ఉన్నాయి, ఆ పేరులో ఒత్తు న మీదే. పండగ పేరులో న మీద ఒత్తు లేదు, ఎరువు తెచ్చుకోనక్కర్లేదు.

రెండు కె లు ఒకటైతే పండగ మారిపోతుందా అని కంగారు పడేవాళ్ళకు మన జిల్లా సంగతే ఒకటుంది. మన గిత్తలు సముద్రం దాటి బ్రెజిల్ చేరాయి. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోది. అక్కడ ఆ జాతికి నెల్లూరు పేరే స్థిరపడింది, కాకపోతే వాళ్ళ రాతలో ఎల్ ఒకటే. ఇవాళ బ్రెజిల్లో లెక్కకు అందనన్ని పశువులు ఆ ఒంటి ఎల్ పేరుతోనే మేత మేస్తున్నాయి. మూపురం ఏమీ తగ్గలేదు.

చివరి హెచ్ పలకదు. హీబ్రూలో పదం చివర 'హే' అనే వేరే అక్షరం ఉంది, దానికి గుర్తుగా మాత్రమే అది. అంటే మొదటి హెచ్, చివరి హెచ్ చూడ్డానికి కవలలే గాని అసలు రెండూ వేర్వేరు అక్షరాలు.

మీ క్యాలెండరుకు నా ఓటు: హెచ్‌తో మొదలు, ఎన్ ఒకటి, కె లు రెండు, చివర హెచ్. మెరియం-వెబ్‌స్టర్ నిఘంటువు ముందు పెట్టేదీ, 1996లో అమెరికా తపాలా శాఖ, ఇజ్రాయెల్ కలిసి వేసిన బిళ్ళ మీద ఉన్నదీ అదే. ఛాబాద్ అనే యూదు సంస్థ వాళ్ళు మాత్రం పట్టుబట్టి సీహెచ్‌తోనే రాస్తారు, వాళ్ళ పుస్తకం నుంచి ఏదైనా ఎత్తి వేస్తే వాళ్ళ స్పెల్లింగే ఉంచండి. తమ్ముడి విషయం – ఆయన చెవి సరైనదే. ఆ శబ్దాన్ని తెలుగులో ఒక ముక్క కింద రాయించండి, గౌరవంగా ఉంటుంది.

స్పెల్లింగ్ కన్నా తేదీ చూసుకోండి. యూదుల రోజు సాయంత్రంతో మొదలవుతుంది. 2026లో మొదటి దీపం డిసెంబరు 4 సాయంత్రం. చాలా క్యాలెండర్లు 5వ తేదీ గడిలో వేసి ఊరుకుంటాయి. 2024లో అయితే మొదటి దీపం సరిగ్గా క్రిస్మస్ సాయంత్రమే వెలిగింది.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి న్యూజెర్సీ ఎడిసన్ దగ్గర ఉంటాడు. పక్కింటి యూదు కుటుంబం పోయిన ఏడు ఒక కార్డు ఇచ్చారట. అందులో పర్ణశాలల పండుగ (సుక్కోత్) పేరు చివర 'ఎస్' ఉంది. గూగుల్లో చూస్తే 'టి' ఉంది. నా దగ్గరున్న పాత వ్యాఖ్యానంలో 'టీహెచ్' ఉంది. అచ్చుతప్పేమో, చెబితే బాగుంటుందా అని మావాడి టెన్షన్. – రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, ఒంగోలు

జవాబు: అయ్యా, చెప్పనివ్వకండి! ఆ కార్డులో అచ్చుతప్పు లేదు. ఆ 'ఎస్' వాళ్ళ తాతముత్తాతల నోటి నుంచి వచ్చింది.

హీబ్రూ అక్షరమాలలో చివరిది తావ్. దాని నడుమ చుక్క ఉంటే అందరికీ త. చుక్క లేనప్పుడే దారులు చీలాయి. పోలండు, రష్యా, జర్మనీ వైపు యూదులు, అంటే అష్కెనాజీలు, దాన్ని స అన్నారు. స్పెయిన్ మూలాలున్న సెఫార్దీలు త అన్నారు. యెమెను యూదులు నాలుక పళ్ళకు తగిలించి, ఇంగ్లీషు 'థింక్'లో వచ్చే శబ్దం అన్నారు. పాత పండితుల పుస్తకాల్లోని టీహెచ్ ఆ మూడో దారిది. ఎలీయెజెర్ బెన్-యెహూదా 1881లో యెరూషలేము చేరి, మాట్లాడే భాషగా హీబ్రూను మళ్ళీ లేపే పనిలో పడ్డాక, ఆ ఉద్యమం సెఫార్దీ ఉచ్చారణ వైపు మొగ్గింది. 1948లో ఏర్పడిన దేశంలో త నిలబడింది. అమెరికాలో చాలా సమాజమందిరాలు తర్వాత తర్వాత త కు మారాయి. సంప్రదాయం గట్టిగా పట్టుకున్న ఇళ్ళలో స అట్టాగే ఉంది. వాళ్ళ విశ్రాంతిదినం 'షబ్బస్', ఇజ్రాయెల్‌వాళ్ళది 'షబ్బాత్'. వారముల పండుగకూ ఇదే తంతు, 'షవూఓస్', 'షవూఓత్'.

ఈ టి, టీహెచ్ తగువు మనకు కొత్తా? సంక్రాంతికి టీహెచ్ పెట్టే మనవాళ్ళను చూసి ఉత్తరాదివాళ్ళు నవ్వుతారు. మనకు ట వేరు, త వేరు, ఆ తేడా చూపడానికే హెచ్ తగిలించాం. చవితి దగ్గరా అంతే. ఆ హెచ్ తీసెయ్యమని ఎవడైనా ఉత్తరం రాస్తే మీరు ఊరుకుంటారా?

తెలుగు బైబిల్లో ఈ పదం ఇంకోచోట దాక్కుని ఉంది. ఆదికాండం 33వ అధ్యాయంలో యాకోబు తన పశువులకు పాకలు వేయించిన చోటికి 'సుక్కోతు' అని పేరొచ్చింది కదా, ఆ మాటే ఈ మాట. ఊరి పేరుగా ఉన్నప్పుడు ఉచ్చారణ ఉంచి, పండుగగా ఉన్నప్పుడు పర్ణశాలలు అన్నారు. అందుకే మన పెద్దలకు ఆ రెండూ ఒకటని తట్టదు.

మీవాణ్ణి వాళ్ళింటి వెనక వేసుకునే పాక చూసి రమ్మనండి. కప్పుకు కొమ్మలు, ఆకులు, రెల్లు లాంటివే వాడాలి, అదీ నేల నుంచి కోసినవి. లోపల ఎండ కన్నా నీడ ఎక్కువ పడాలి. తాటాకు పందిట్లో భోజనాలు చేసిన మనకు కొత్తగా ఉండదు. తిరిగి శుభాకాంక్షలు పంపేటప్పుడు కార్డులో వాళ్ళు రాసిన ఎస్ తోనే రాయమనండి, ఎస్ పక్కన సీ లు రెండున్నా కె లు రెండున్నా ఉన్నదున్నట్టు దించమనండి. మీ ఇంటిపేరు పెళ్ళి కార్డులో మీరు రాసుకున్నట్టే వేయాలని ఎంత పట్టుదల ఉంటుందో వాళ్ళకూ అంతే ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, ట్రంక్ రోడ్డులో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. యూదుల కొత్త సంవత్సరం (రోష్ హషానా) పేరును ఒక కస్టమర్ రెండు ముక్కలుగా, ఇంకొకరు మూడు ముక్కలుగా, నడుమ గీతతో ఒకరు రాసుకొస్తున్నారు. చివరి హెచ్ ఉంచితే ఒకరు కొట్టేస్తారు, కొట్టేస్తే ఇంకొకరు పెట్టిస్తారు. ప్రూఫు చూసుకోలేదని డబ్బులు ఎగ్గొట్టినవాళ్ళూ ఉన్నారు. నేనేం చేయాలి? – నెల్లూరు

జవాబు: అమ్మాయ్, ముందు డబ్బుల సంగతి. కస్టమరు చేత ప్రూఫు మీద సంతకం పెట్టించుకో. వాట్సాప్‌లో "ఓకే" అన్నా స్క్రీన్‌షాట్ దాచుకో. భాష కన్నా అదే నిన్ను కాపాడుతుంది.

'రోష్' అంటే తల, 'షానా' అంటే సంవత్సరం. నడుమనున్న 'హ' ఇంగ్లీషు 'ద' లాంటిది. హీబ్రూలో అది తర్వాతి పదానికి అతుక్కునే వస్తుంది, విడిగా నిలబడదు. కాబట్టి మూడు ముక్కలు చేసినవాళ్ళది తప్పే. రెండు పదాలు చాలు. గ్రంథాలయాల వాళ్ళు, పరిశోధకులు 'హ' తర్వాత చిన్న గీత పెడతారు, ఫ్లెక్సీకి ఆ గీత దండగ. చివరి హెచ్ ఉంచు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ పేరు చివర హెచ్ వదిలేసి, హనుక్కా చివర మాత్రం ఉంచుతూ వచ్చింది. రెండు పేర్ల చివరా ఉన్నది అదే 'హే' అక్షరం! అంత పెద్ద పత్రికే ఇట్టా చేస్తే నీ కస్టమర్లను ఏమనగలం.

నా మాట విని ఒక తెల్లకాగితం మీద పండగ పేర్లన్నీ నువ్వు వాడే స్పెల్లింగ్‌తో రాసి మానిటర్ పక్కన అంటించు. ఎవరైనా అడిగితే "మా సెంటర్లో ఇదే" అని చూపించు. ఒకే ఫ్లెక్సీలో పైన ఎస్, కింద టి, ఇంకో మూల సీహెచ్ కలగలిపి వేయడమే నాకు కంటికి నలుసు. ఏదో ఒక ఊరివాళ్ళలాగా రాయి. హెచ్ కింద చుక్క జోలికి పోకు, పాత సాఫ్ట్‌వేర్లలో ఆ చుక్క డబ్బా అయి కూర్చుంటుంది, అచ్చయ్యాక గాని కనపడదు.

ప్రశ్న: మా ఆడబిడ్డ ఇజ్రాయెల్‌లో ముసలామెను చూసుకునే పని చేస్తోంది. వాళ్ళ ఊరి పేరు ఒక బోర్డు మీద ఒకరకంగా, బస్సు మీద ఇంకో రకంగా ఉందని ఫొటోలు పంపింది. సొంత దేశంలోనే వాళ్ళకు స్పెల్లింగ్ తెలియదా టీచర్ గారూ? – గృహిణి, పొదిలి

జవాబు: తెలియక కాదమ్మా. ఊరి పేరు మీరు రాయలేదు గాని, ఇట్టాంటి ఫొటోలకు పేరుమోసిన ఊరు పేతాహ్ తిక్వా. మొదటి మాట చివర కొన్ని బోర్డుల మీద హెచ్, కొన్నింటి మీద సీహెచ్. రెండో మాటలో ఒకచోట కె, వి, ఇంకోచోట క్యూ, డబుల్యూ.

హీబ్రూ భాషా అకాడమీ 1953లో పెట్టిన నియమాల్లో ప్రతి హీబ్రూ అక్షరానికీ విడి ఇంగ్లీషు గుర్తు ఉండాలన్న పట్టుదల ఎక్కువ. హీబ్రూలో క శబ్దానికి రెండు అక్షరాలున్నాయి, ఒకదానికి కె ఇస్తే రెండోదానికి క్యూ ఇచ్చారు. ఇంగ్లీషు రాత చూసి మళ్ళీ హీబ్రూలోకి తప్పు లేకుండా మార్చుకోవచ్చు, అదీ ఆలోచన. పండితులకు బాగుంది. క్యూ పక్కన యు లేకుండా చూసిన టూరిస్టు మాత్రం నోరు తెరిచాడు. 2006లో నియమాలు మార్చి, వాడుకకు దగ్గరగా తెచ్చారు. పాత బోర్డులన్నీ ఒక్క రాత్రిలో పీకేయరు కదా. మన దగ్గర కందుకూరుకు చివరి యు ఉన్న బోర్డు, లేని బోర్డు రెండూ కనిపించవూ?

ఇంకో సంగతి. హీబ్రూలో మామూలు రాతకు అచ్చుల గుర్తులు పెట్టరు. 22 అక్షరాలు, దాదాపు అన్నీ హల్లులే. చుక్కలూ గీతలూ పెట్టి అచ్చులు చూపే పద్ధతి తర్వాతి కాలంలో తిబెరియ పండితులు స్థిరపరిచింది, అది ఎక్కువగా బైబిలుకూ, ప్రార్థన పుస్తకాలకూ, పిల్లల వాచకాలకూ పరిమితం. అందుకని హనుక్కాను హీబ్రూలోనే రెండు రకాలుగా రాయవచ్చు, నడుమ 'ఉ' కోసం వావ్ అక్షరం పెట్టి, లేదా పెట్టకుండా. ఇంగ్లీషుకు వచ్చాకే పాడైందనుకోవద్దు. పుట్టింట్లోనే ఆ వెసులుబాటు ఉంది.

ప్రశ్న: మేడం, క్విజ్ కోసం అడుగుతున్నాను. 'తూ బిష్వాత్' అనే చెట్ల పండగ పేరులో కొందరు బి తర్వాత పైన కామా లాంటిది పెడతారు. ఎందుకు? 'తూ' అంటే ఏమిటి? – ఇంటర్ విద్యార్థి, కావలి

జవాబు: 'తూ' మాట కాదు బాబూ, అంకె. హీబ్రూలో అక్షరాలే అంకెలు. 15 రాయాలంటే పది, అయిదు విలువల అక్షరాలు పక్కపక్కన పెట్టాలి. అట్టా పెడితే దేవుని నామంలోని మొదటి రెండు అక్షరాలవుతాయి. ఆ నామాన్ని లెక్కల్లోకి లాగడం ఇష్టంలేక తొమ్మిది, ఆరు విలువల అక్షరాలు పెట్టారు. వాటిని కలిపి పలికితే 'తూ'. షెవాత్ నెల 15వ రోజు అన్నమాట. మనకు జనవరి, ఫిబ్రవరిల్లో వస్తుంది. 'లాగ్ బ ఓమెర్' అనే ఇంకో పండగ పేరులో 'లాగ్' కూడా ఇంతే, 33.

పైన కామా పెట్టేవాళ్ళు "ఇక్కడ అచ్చు సరిగ్గా పలకదు, మింగెయ్యి" అని చెబుతున్నారు. వ్యాకరణం చూసేవాళ్ళు, అట్టాంటి మింగుడు అచ్చులు రెండు వరసగా వస్తే మొదటిది 'ఇ' అవుతుంది కాబట్టి, కామా తీసేసి ఐ అక్షరం పెడతారు. క్విజ్‌లో ఐ పెట్టు. మార్కు కొడితే నా పేరు చెప్పు.

ప్రశ్న: ఇంగ్లీషు పక్కన పెట్టండమ్మా. తెలుగులో ఏం రాయాలి? ఈ మధ్య కుర్ర బోధకులు పస్కా అనడం మానేసి 'పెసాక్' అంటున్నారు. మాకు తెలిసిన పండుగలేనా ఇవి? – సంఘ పెద్ద, కనిగిరి

జవాబు: మీకు తెలిసినవే, అయ్యగారూ. రోష్ హషానా అంటే లేవీయకాండం 23లోని శృంగధ్వని దినం. యోమ్ కిప్పూర్ అంటే ప్రాయశ్చిత్తార్థ దినం. హనుక్కా ధర్మశాస్త్రంలో లేదు, అది క్రీస్తుకు పూర్వం 164 ప్రాంతంలో మక్కబీయుడైన యూదా మందిరాన్ని శుద్ధి చేయించినప్పటిది. కానీ యోహాను 10వ అధ్యాయంలో ఆలయ ప్రతిష్ఠిత పండుగ అని చదువుతాం, చలికాలమని కూడా ఉంటుంది, అదే ఇది. పూరీముకు మాత్రం ఎస్తేరు కాలం నుంచి ఎవరూ తగువు పెట్టుకోలేదు. ఇంగ్లీషులో కూడా దానికి ఒకటే స్పెల్లింగు, పాపం దాని గురించి ఎవరూ ఉత్తరాలు రాయరు.

పస్కా సంగతి. హీబ్రూలో అది 'పేసహ్', చివర మన పాత హేతే. పస్కా అన్న రూపం అరామిక్ నుంచి గ్రీకులోకి, అక్కణ్ణుంచి మనకూ వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ 'పాసోవర్' 16వ శతాబ్దంలో టిండేల్ అనువాదంతో వాడుకలోకి వచ్చిందంటారు. పస్కా అరువు మాటే గాని మూడు తరాలుగా మన నోట నానింది. తెలుగు సంఘంలో తెలుగువాళ్ళకు ప్రసంగం చేస్తూ దాన్ని తీసి 'పెసాక్' పెట్టడం నాకు ఆడంబరంగానే తోస్తుంది. అదీ ఇంగ్లీషు సీహెచ్ చూసి ఊహించుకున్న ఉచ్చారణ. యూదుల ఇళ్ళలో జరిగే ఇప్పటి పండుగ గురించి రాస్తున్నప్పుడు పేసహ్, సుక్కోత్, హనుక్కా అని వాళ్ళ పేర్లు వాడితే సబబు. మన లిపికి కకార ఒత్తు ఉంది, త ఉంది, ట ఉంది. ఇంగ్లీషువాళ్ళు కొట్టుకు చస్తున్న సగం గొడవ మనకు పుట్టదు. హేత్ ఒక్కటే అందదు, దానికి హ తో సరిపెట్టుకుందాం. రాహేలు, హన్నా, నోవహు పేర్లలో మన పాత అనువాదకులు చేసింది అదే.

మన దేశపు యూదులు ఏం చేశారో చూడండి. మహారాష్ట్ర కొంకణ తీరంలోని బెనె ఇజ్రాయెల్ వాళ్ళు ఈ పండగలకు మరాఠీ పేర్లే పెట్టుకున్నారు. కొత్త సంవత్సరం 'నవ్యాచా సణ్', ప్రాయశ్చిత్త దినం తలుపులు మూసుకునే పండగ. హనుక్కా మాత్రం వాళ్ళకు బయటి యూదులతో రాకపోకలు పెరిగాకే తెలిసిందంటారు. మనకు దగ్గర్లో గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిము వాళ్ళున్నారు. వాళ్ళ పండగ పేరు రాయాల్సి వస్తే నన్ను అడక్కండి, ఒక బస్సు ఎక్కి వెళ్ళి వాళ్ళనే అడగండి.

ప్రశ్న: పులియని రొట్టెల పండుగ, మా నెల్లూరు రొట్టెల పండుగ ఒకటేనా? మా ఫ్రెండ్ పందెం కాశాడు. – నెల్లూరు

జవాబు: మీ ఫ్రెండు ఏ వైపు కాశాడో రాయలేదు. ఒకటని కాసి ఉంటే డబ్బులు వసూలు చేసుకోండి. స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాలో మొహర్రం నెలలో జరిగేది మన రొట్టెల పండుగ. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె అని కోరిక చెప్పి రొట్టె పట్టుకుంటారు, తీరినవాళ్ళు మరుసటేడు వచ్చి ఇస్తారు. పులియని రొట్టెలది పస్కాతో కలిసి వచ్చే వారం, ఐగుప్తు నుంచి హడావుడిగా బయలుదేరినప్పటి జ్ఞాపకం. మొహర్రం ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కి జరుగుతూ ఎండాకాలం, వానాకాలం అన్నీ చుట్టి వస్తుంది. యూదులు మన అధికమాసంలాగే 19 ఏళ్ళలో ఏడుసార్లు ఒక నెల కలుపుతారు కాబట్టి పస్కా వసంతం దాటి పోదు.

ప్రశ్న: మావాడి పేరు హనోకు. బడిలో హెచ్‌తో రాశారు, ఆధార్ సెంటర్లో కుర్రవాడు ఇంగ్లీషు బైబిల్ ప్రకారమని 'ఈ' అక్షరంతో మొదలుపెట్టాడు. ఏది అసలు స్పెల్లింగు? వచ్చే ఏడు పదో తరగతి. – తండ్రి, దర్శి

జవాబు: అసలు అడిగారు కాబట్టి, హీబ్రూలో మీవాడి పేరు మొదలయ్యేదీ హేత్‌తోనే. హనుక్కా, హనోకు ఒకే ధాతువు నుంచి వచ్చాయి, ప్రతిష్ఠించడమని. పేరు గ్రీకు మీదుగా పోయేసరికి హ రాలిపోయింది, ఇంగ్లీషువాళ్ళకు 'ఈ' అక్షరం మిగిలింది. తెలుగు బైబిల్ హ ను నిలబెట్టుకుంది, మీ బడివాళ్ళ హెచ్ దానికి దగ్గర.

కానీ పదో తరగతి సర్టిఫికెట్‌కు హీబ్రూ పనికిరాదు. జనన ధ్రువపత్రంలో ఏముందో తీసి చూడండి. అందులో హెచ్ ఉంటే ఆ కాగితం పట్టుకుని ఆధార్ సెంటర్‌కు వెళ్ళి దిద్దించండి. 'ఈ' అక్షరం ఉంటే బడి రికార్డు మార్పించమని హెడ్‌మాస్టరు గారికి ఇప్పుడే అర్జీ పెట్టండి, నామినల్ రోల్స్ (పరీక్షకు బడి పంపే పేర్ల జాబితా) పోకముందే. ఒకసారి పోయాయంటే ఇంటర్‌లో, పాస్‌పోర్టులో, అన్నింట్లో అఫిడవిట్లు రాయించుకుంటూ తిరగాలి.